పేర్లు రాయని పిల్ల

పోయిన నెల విజయవాడ వెళ్తుంటే మా రైలు ఊరి బయట పొలాల మధ్య ఆగిపోయింది. ఎదురు సీటు కుర్రాడు వెంటనే ఫోను తీసి మొహానికెదురుగా పెట్టుకుని రైల్వేని, డ్రైవర్ని, మంత్రిని, చివరికి దేశాన్ని కూడా తిట్టడం మొదలుపెట్టాడు. లైవ్‌లో ఉన్నాడట. తిట్టినంతసేపు తిట్టి, "షేర్ చేయండి ఫ్రెండ్స్" అని ఫోను జేబులో పెట్టుకుని నిద్రపోయాడు. బండి కదిలినా లేవలేదు. నాకు మొదట ఒళ్ళు మండింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత బిలాస్‌పూర్ పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్లయితే తిట్టడానికి ముందు కిటికీ దగ్గర చెవి పెట్టి, పక్క పట్టాల మీద ఏం వస్తోందో వినేది.

రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతంలో మా బ్యాంకువాళ్ళు నాకు ప్రమోషన్ ఇచ్చినట్టే ఇచ్చి ఛత్తీస్‌గఢ్‌లో పడేశారు. రాజ్‌కిశోర్ నగర్‌లో ఓ చిన్న పోర్షన్ అద్దెకు తీసుకున్నాను. పొద్దున్నే ఆటోలో అర్పా నది దాటి బిలాస్‌పూర్ స్టేషన్‌కి రావడం, ప్యాసింజర్ ఎక్కి కర్గీ రోడ్‌లో దిగడం, ఆ స్టేషనున్న కోటా ఊళ్ళో మా బ్రాంచిలో రోజంతా కూర్చోవడం, సాయంత్రం మళ్ళీ ప్యాసింజర్‌లో వెనక్కి రావడం, ఇదీ నా బతుకు. ఆడవాళ్ళ పెట్టెలో టీచర్లు, నర్సులు, కోటాలో కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలు ఉండేవాళ్ళు. అందరిదీ హిందీ. నేను నోరు మూసుకుని తెలుగు వారపత్రిక చదువుకునేదాన్ని.

ఒక సాయంత్రం తిరుగు ప్రయాణంలో బండి స్టేషన్ బయట ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. ఎంతకీ కదలదు. ఎవరికీ అర్థం కాదులే అన్న ధైర్యంతో, "ఈ దిక్కుమాలిన బండి" అని పైకే అనేశాను.

"బండినేటి అంటారాంటీ, బండేటి సేసింది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

తిరిగి చూస్తే సన్నగా, పొడుగ్గా ఒక పిల్ల. చున్నీని నడుముకు బిగించి కట్టుకుని, ద్వారం కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. కాలేజీ పిల్లలా లేదు, గొడవకి బయల్దేరినదానిలా ఉంది. ఎడమ అరచేతి నిండా బాల్‌పెన్ రాతలు. "ఇప్పుడు లోడుబండి పోతాది, సూడండి," అంది. నిజంగానే కాసేపటికి పక్క లైను మీద బొగ్గు బండి వచ్చింది. ఎలా తెలిసిందని అడిగితే, "లోడుది మూలుగుతాదాంటీ, ఖాళీది గోల సేస్తాది. మా ఇంటెనకాలే కదా లైను, పుట్టినకాడ్నించీ ఇదే పాట," అని నవ్వి, అరచేతిలో ఏదో రాసుకుంది.

వాళ్ళ తాత ఎప్పుడో శ్రీకాకుళం నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. నాన్న రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు. రైల్వే క్వార్టర్‌లో పుట్టి పెరిగి, కోటా కాలేజీలో చదువుతున్న పిల్ల. ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే గానీ ఒక్క అక్షరం చదవడం రాదు. నా వారపత్రికను ఒళ్ళో పెట్టుకుని, పేజీలు తిప్పి, నా చేతికిచ్చి "సదవండాంటీ" అనేది. సీరియల్‌లో కోడలు తిరగబడిన వారం పెట్టెలో అందరికీ ఆ కథ హిందీలో చెప్పింది. నేను చదివినదానికంటే ఆ పిల్ల చెప్పిన కథలో కోడలు ఎక్కువ తిరగబడింది.

ఆమె పేరు నేనిక్కడ రాయడం లేదు. రాస్తే ఒప్పుకోదు. ఎందుకో చెబుతాను.

మా పెట్టెలో ఛత్తీస్‌గఢీ పిల్ల ఒకతె ఉండేది. బిలాస్‌పూర్‌కి ముందు వచ్చే ఒక చిన్న స్టేషన్‌లో దిగి, పొలాల మధ్య కాలిబాటన తన పల్లెకి నడిచి వెళ్ళేది. మన పిల్లకి ప్రాణ స్నేహితురాలు. చలికాలం వచ్చింది, పొద్దు పొట్టిదయింది. ప్యాసింజర్‌ని ఆ చిన్న స్టేషన్ ఔటర్‌లో నిలబెట్టి బొగ్గు బండ్లని వదలడం ఎక్కువైంది. పిల్ల చీకటి పడ్డాక ఇల్లు చేరుతోందని వాళ్ళ పెద్దవాళ్ళు కాలేజీ మానిపించేశారు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు, మానిపించేశారు.

ఆ వారమంతా మన పిల్ల ఆ సీటులో ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు. తర్వాతి సోమవారం రైలెక్కుతూనే, "కమ్యూనిటీ పెట్టీసినానాంటీ," అంది.

అప్పట్లో కుర్రకారంతా ఒక సైటులో ఉండేవారు. ఒకరి పేజీ మీద ఒకరు రాసుకోవడం, తలా ఒక కమ్యూనిటీ పెట్టుకోవడం. సినిమా హీరోలకీ, మామిడికాయ పచ్చడికీ, లెక్కల మాస్టారి మీద కోపానికీ కూడా కమ్యూనిటీలు ఉండేవి. ఇప్పుడా సైటే లేదు. ఈ పిల్ల పెట్టిన దాని పేరు 'పహలే ప్యాసింజర్'. ముందు మనుషుల బండి వెళ్ళాలి, ఆ తర్వాతే బొగ్గు అని. రోజూ బండి ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, పక్కనుంచి ఏం వెళ్ళింది, అప్పటికి వెలుతురుందా లేదా, ఇవి అరచేతిలో రాసుకుని, బుధ్వారీ బజార్‌లో ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళి ఎక్కించేది. చెయ్యి కడుక్కోవడం ఆ తర్వాతే. వాళ్ళమ్మ ఒకసారి నాతో, "ఆ సేత్తోనే అన్నం వడ్డించీస్తాదేమోనని బయం మేడమ్ గారూ," అని మొరపెట్టుకుంది.

"రాస్తే ఏమవుతుందే?" అని అడిగేదాన్ని.

"రాసీసినాను కదాంటీ. ఇంక అవుద్ది," అనేది, గ్యాస్ బుక్ చేసి వచ్చినంత ధీమాగా. నాకు చిరాకు వేసేది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నేను రాసిన అర్జీల్లో ఏదీ అవలేదు మరి.

ఆ కమ్యూనిటీని నడిపిన తీరు చూడాలి. ముగ్గురు ఆడపిల్లలు, ముగ్గురికీ షిఫ్టులు. ఒకరు నెట్ సెంటర్‌లో లేచేసరికి ఇంకొకరు వచ్చి కూర్చోవాలి. ఎవరైనా బూతు రాస్తే డ్యూటీలో ఉన్న పిల్ల తీసేయాలి. పొద్దున రైలుకి ఆలస్యంగా వస్తే ఈమె విసుక్కుంటూ, "నా రిలీఫ్ రాలేదాంటీ, అందుకే లేటు," అని బాక్సు తెరిచి ఉప్మా నోట్లో కుక్కుకునేది. రైల్వే కాలనీలో పుట్టినవాళ్ళకి లోకమంతా డ్యూటీలూ రిలీఫులే. కమ్యూనిటీకి పెట్టిన నియమాలు కూడా అలాంటివే. తిట్లు రాయకూడదు, పార్టీల ఊసెత్తకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా ఏ రైల్వే మనిషి పేరూ రాయకూడదు. "పేరు రాస్తే నౌకరీ పోద్దాంటీ. బండి రావాలి గానీ, ఎవుడి కూడూ పోకూడదు." కాలనీ నేర్పిన నీతి అది. లోపల ఎన్ని తిట్టుకున్నా, బయటివాడికి మనవాడి పేరు ఇవ్వరు.

జనం చేరారు. కాలేజీ పిల్లలు చేరారు, పూనాలో, బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న బిలాస్‌పూర్ కుర్రాళ్ళు చేరారు. ఎక్కడో ఏసీ గదుల్లో కూర్చుని, ఎప్పుడూ ఎక్కని ప్యాసింజర్ కోసం పళ్ళు నూరేవారు. ఆమె అవన్నీ నాకు చదివి వినిపించి, "ఎంత మందున్నారో సూడండాంటీ," అని మురిసిపోయేది. ఆ మురిపెం చూస్తే నాకూ ముచ్చటేసేది. పైకి మాత్రం, "వాళ్ళు నీతో ఔటర్‌లో కూర్చుంటారా?" అనేదాన్ని. నా నోరు అలాంటిది.

ఒకరోజు బాగా చీకటి పడేదాకా బండి ఆ చిన్న స్టేషన్ ముందే ఉండిపోయింది. ఒక పసిపిల్ల ఆకలికి ఒకటే ఏడుపు. ఆ కోపంలో మన పిల్ల వెళ్ళి రాసింది: "సాయంత్రం డ్యూటీవాళ్ళు మమ్మల్ని ఔటర్‌లో ఉంచి రెండు బొగ్గు బండ్లు వదిలారు." స్టేషన్ పేరు రాసింది. ఊళ్ళో హిందీ పత్రిక ఒకటి ఆ మాటని ఎత్తి, సాయంత్రం డ్యూటీ నిర్లక్ష్యమని పెద్ద అక్షరాలతో వేసింది. మర్నాడు పెట్టెలో పండగ. నర్సులు పేపరు చేతులు మార్చుకున్నారు. ఒక టీచరమ్మ ఈ పిల్లకి జిలేబీ తినిపించింది.

ఆ పండగ వారం కూడా నిలవలేదు. ఒక పొద్దున రైలెక్కి, నా పక్కన కూర్చుని, అరచేతులు పైకి తిప్పి ఒళ్ళో పెట్టుకుని ఉండిపోయింది. చేతిలో రాతలు లేవు.

"పేరు రాయలేదాంటీ," అంది. "ఒట్టు. పేరు రాయలేదు."

ఆ చిన్న స్టేషన్‌లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ వీళ్ళ పక్క క్వార్టర్ ఆయనే. మధ్యలో ఒకే గోడ. ఈమె ఆయన్ని మావయ్య అంటుంది. చిన్నప్పుడు ఆయన సైకిల్ ముందు కూర్చుని బడికి వెళ్ళింది. ఆ వారం సాయంత్రం డ్యూటీ ఆయనది. పేపర్లో పడగానే ఆఫీసువాళ్ళు ఆయన్ని సస్పెండ్ చేసి, ఛార్జిషీటు ఇచ్చారు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి.

"ఆయన డ్యూటీ అని నీకు తెలియదా?" అన్నాను.

"తెలుసాంటీ. తెలిసినా తట్టలేదు."

నాకు మొదట నమ్మకం కలగలేదు. తర్వాత కాలనీలో రెండు మూడుసార్లు భోజనానికి వెళ్ళినప్పుడు అర్థమైంది. అక్కడ ఎవరినీ పేరుతో పిలవరు. షెడ్డు బాబాయి, గార్డు తాత, కేబిన్ పెద్దనాన్న. పేరు అనకపోతే మనిషిని అన్నట్టు కాదు. సాయంత్రం డ్యూటీ అంటే ఆ పిల్లకి ఒక కుర్చీ. కుర్చీనే అన్నాననుకుంది. ఆఫీసులో మాత్రం కుర్చీ, షిఫ్టు చెబితే చాలు, మనిషి దొరికిపోతాడు. రైల్వేలో పుట్టిన పిల్ల కాబట్టే ఆ పొరపాటు చేసింది. మనలాంటివాళ్ళం అయితే పేరే రాసేసేవాళ్ళం.

అసలు బండి ఆపమన్నది ఆయన కాదు. పైనుంచి కంట్రోల్ ఆఫీసువాళ్ళు ఫోనులో చెబుతారు, స్టేషన్‌లో ఉన్నవాడు చేస్తాడు. ఈ సంగతి కాలనీలో పాలు పోసేవాడికి కూడా తెలుసు. ఆఫీసు మాత్రం మేం ఆపమనలేదంది. ఈ పిల్ల ఆయన ఇంటికి పరుగెత్తి, "ఆ రోజు కంట్రోల్‌లో ఎవరున్నారో సెప్పీ మావయ్యా, అది కూడా రాసీస్తాను," అందట. ఆయన తన భార్య చేత ఈమెకి టీ ఇప్పించి, "ఆ కుర్సీలో కూకున్నోడికీ పిల్లలున్నారమ్మా," అన్నాడట. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఈమె అత్త అని పిలిచే ఆ ఇల్లాలు టీ గ్లాసు తీసుకెళ్తూ, "ఇంక మా గుమ్మం తొక్కకే," అందట. ఈ చివరి మాట నాకు చెప్పినప్పుడు మాత్రం ఏడ్చింది.

కమ్యూనిటీ తీసేయమని వాళ్ళ నాన్న గొడవ చేశాడు. తీసేస్తే బండి మళ్ళీ ఔటర్‌లోనే. తీయకపోతే మావయ్య నౌకరీ. ఆ పిల్ల బుగ్గలు లోపలికి పోయాయి. నాకూ నిద్ర సరిగా పట్టేది కాదు. ఎవరి బిడ్డో నాకెందుకు అనుకునేదాన్ని, అనుకుంటూనే సాయంత్రం బ్యాంకు త్వరగా కట్టేసి స్టేషన్‌కి పరుగెత్తేదాన్ని.

విచారణకి సాక్షిగా ఆ పిల్లని పిలిచారు. రాసింది నువ్వేనా, అవును, అని సంతకం పెడితే వాళ్ళకి చాలు. నాన్న రైల్వే మనిషి కాబట్టి ఆయన వెంట వెళ్తే ఆయన మీద కన్ను పడుతుంది. "రైల్వే కానోళ్ళు మీరే ఉన్నారాంటీ," అంది. సెలవు పెట్టి వెళ్ళాను. విచారణ గది తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద కూర్చుంటే లోపలి మాటలన్నీ వినిపించాయి. విచారణ చేసే పెద్దమనిషి మర్యాదస్తుడు, బేటీ బేటీ అంటూ మాట్లాడాడు. ఆ మర్యాదతోనే కాగితం ముందుకి తోశాడు. మావయ్య ఒక మూల కుర్చీలో చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"బండిని ఈయన ఆపాడని రాశావు. నిజమేనా?"

"బండి ఆగిందని రాశాను సార్. ఎవరు ఆపారో నేను చూడలేదు."

"సాయంత్రం డ్యూటీ అని రాశావు కదా బేటీ?"

"అది నా తప్పు సార్," అంది. హిందీలో చాలా నెమ్మదిగా మాట్లాడింది. "ఆపమని ఎవరు చెప్పారో తెలుసుకోకుండా రాశాను. ఆ తప్పు ఎక్కడ చేశానో అక్కడే రాస్తాను. ఈ కాగితం మీద మాత్రం సంతకం పెట్టను. ఆగిన బండి గురించి ఇంకో కాగితం ఇవ్వండి, దాని మీద పెడతాను."

అలాంటి కాగితం వాళ్ళ దగ్గర లేదు. బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుంది. మంచులో పెట్టినట్టుంది ఆ చెయ్యి. ఇంత ధైర్యం ఎక్కడిదే నీకు అందామనుకున్నాను. అనకుండానే ఆటో పిలిచాను.

ఆ సాయంత్రమే నెట్ సెంటర్‌కి వెళ్ళి రాసింది. నేను పక్కనే ఉన్నాను. డ్యూటీవాళ్ళ మీద రాసింది తప్పు, ఆపినవాళ్ళెవరో నాకు తెలియదు, క్షమించండి, బండి మాత్రం ఇంకా ఆగుతూనే ఉంది, అని. అప్పుడు చూడాలి వీరులని. అమ్ముడుపోయిందన్నారు, భయపడిందన్నారు, ఆడపిల్లలకెందుకు ఉద్యమాలన్నారు. పూనా కుర్రాడొకడు ఆమెని కమ్యూనిటీ తనకి అప్పగించి తప్పుకోమన్నాడు. సగం మంది పోయారు. ఆమె ఆ రాతల్లో ఒక్కటి కూడా తీసేయలేదు. "బూతులు కాదు కదాంటీ, ఉండనీయండి. నియమం నియమమే," అంది. నాకు మాత్రం ఆ పూనా కుర్రాణ్ణి ఒక్కసారి ఔటర్‌లో కూర్చోబెట్టాలనిపించింది.

చివరికి జరిగింది ఇది. మావయ్య ఉద్యోగం పోలేదు. చిన్న శిక్షతో సరిపెట్టి, కట్నీ లైనులో ఎక్కడో అడవి మధ్యనున్న స్టేషన్‌కి బదిలీ చేశారు. ప్యాసింజర్‌ని ఆపడం తగ్గింది. పేపర్లో పడిన భయమో, పైవాళ్ళకి నిజంగానే పట్టిందో గానీ, వెలుతురుండగానే ఆ చిన్న స్టేషన్ చేరేవాళ్ళం. చదువు మానిపించిన పిల్ల పరీక్షలకి ముందు మళ్ళీ పెట్టెలో కనిపించింది. అందరూ మీద పడి ముద్దులాడారు. మన పిల్ల కూడా నవ్వింది, ఆమె పుస్తకాలు తన ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత నా వైపు వంగి, "బండి టైముకొస్తందాంటీ. ఎక్కబుద్ది కాట్లేదు," అంది.

మావయ్యవాళ్ళు సామాను కట్టేది ఆదివారం. పెద్ద ఆఫీసర్ ముందు నిలబడిన పిల్ల, గోడ అవతలికి వెళ్ళడానికి భయపడి నాకు ఫోను చేసింది. "మీరు రండాంటీ. నాకొక్కదానికి కాళ్ళు రావట్లేదు." నేను వెళ్ళేసరికి క్వార్టర్ ముందు లారీ నిలబడి ఉంది. మంచాలు, కుట్టు మిషను, సైకిలు ఎక్కిస్తున్నారు. ఈమె ఎవరూ పిలవకుండానే వెళ్ళి గిన్నెల మూట ఎత్తుకుంది. అత్త చూసి, పక్కకి జరిగి దారిచ్చింది. రెండు మూడు మూటలు మోశాక లోపలి నుంచి ఒక జాడీ తెచ్చి ఈమె చేతుల్లో పెట్టి, "పచ్చడది. బేగి ఎక్కించీయకు, జాగర్తగా పెట్టు," అంది. అన్ని రోజుల తర్వాత మాట్లాడిన మాట అది. పిల్ల జాడీని పసిబిడ్డలా రెండు చేతులా పట్టుకుని లారీ దాకా వెళ్ళింది.

అంతా ఎక్కించాక మావయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ గోడ దగ్గరికి వచ్చాడు. లావుపాటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు. పిల్ల తల వంచుకుని నిలబడింది. నేను అవతలికి వెళ్ళబోతే, ఆయనే ఉండండమ్మా అన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"నీ కంప్యూటర్ది ఇంకా ఉందేటి?"

"ఉంది మావయ్యా."

"మల్లా బండి ఆపితే?"

లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు. అత్త ముందు సీట్లో కూర్చుని మొహం అటు తిప్పుకుంది.

"రాస్తాను మావయ్యా," అంది చివరికి. "కానీ ఈసారి ఊరికే రాయను. ముందు నీకు ఫోన్ సేస్తాను. నిన్నడిగే రాస్తాను."

ఆయన లారీ వైపు రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"నన్నడక్కమ్మా," అన్నాడు. "అడిగితే నాను వద్దనే అంతాను."